పాత వస్తువులు – ఇంటి చరిత్ర

తెలుగువారికి ఏదైనా విషయం పాతబడినదని తోస్తే "పాత చింతకాయ పచ్చడి" అని తీసివేయడం అలవాటు. అయితే జ్వరపడి లేచినవారికి, బాలింతరాలికి అదే పచ్చడిని పథ్యంగా పెట్టే ఆచారం కూడ మన ఇండ్లలోనే ఉన్నది. వస్తువుల విషయంలోనూ ఇట్టి వైచిత్రి కనిపిస్తుంది. అటకమీది రాగిపాత్రను, పెట్టె అడుగునున్న జరీచీరను పనికిమాలినవిగా ఎంచి తూకానికి అమ్మివేస్తాము. అదే పాత్రను ఇంకొకరు బజారులో చూచి, అపురూపంగా ఇంటికి తీసుకొనిపోతారు.

వాడిన వస్తువులను వెదకి కొనుక్కొనే ఈ పనికి నేటి యువతీయువకులు థ్రిఫ్టింగ్ అని పేరు పెట్టుకున్నారు. థ్రిఫ్ట్ అనగా పొదుపు. దాతలు ఇచ్చిన బట్టలను, సామానులను ధర్మసంస్థలు సేకరించి, బాగుచేసి, తక్కువ ధరకు అమ్మడంతో పాశ్చాత్య దేశాలలో ఈ పద్ధతి బలపడినది. అమెరికాలో గుడ్‌విల్ అనే సంస్థ 1902లో బోస్టన్ నగరంలో ఇట్టి పనితోనే ప్రారంభమైనది. పేరు కొత్తదైనా పని మనకు కొత్త కాదు. అన్న చొక్కా తమ్మునికి వస్తుంది. అమ్మ చీర కూతురికి లంగా అవుతుంది. పుట్టిన బిడ్డను పొత్తిళ్ళలో పెట్టడానికి మెత్తబడిన పాతబట్టనే వెదకుతారు. చివరకు చిరిగిన చీరలన్నీ కలిసి బొంతగా మారుతాయి. ఒక్క బొంతను విప్పి చూస్తే ఆ ఇంటి ఆడవారి చీరలన్నీ పొరలుపొరలుగా కనిపిస్తాయి.

పాత వస్తువులు ఎక్కడ దొరుకుతాయి, వాటిని గుర్తించడం ఎట్లా, కాపాడటం ఎట్లా అనే సంగతులను ఈ వ్యాసంలో వివరించదలచినాను. వాటిలో దాగియున్న కుటుంబ చరిత్రను చదవడం ఎట్లా అన్నది అన్నింటికంటె ముఖ్యమైన సంగతి. నాకు ఆ ముఖ్యత్వం తెలిసివచ్చినది ఒక చిన్న సంఘటన వల్ల. మొదట దానిని చెప్పి, తరువాత విషయంలోకి వస్తాను.

నానీమా దేగ్చా

మా ఇల్లు హైదరాబాదు పాతబస్తీలోని ఒక సందులో ఉండేది. ఆ ఇల్లు అమ్మి దూరపు కాలనీలో చిన్న ఫ్లాటుకు మారేనాటికి నేను ఇంటర్మీడియట్ చదువుతున్నాను. కొత్త వంటగదిలో స్థలం లేదు. మా అమ్మమ్మ పెండ్లినాటి రాగి దేగ్చాలు, పళ్ళేలు, ఒక పెద్ద హండా గోనెసంచులలో కట్టి, పాతసామానులు కొనేవానిని పిలిచి తూచి ఇచ్చింది నేనే. వచ్చిన సొమ్ముతో ప్రెషర్ కుక్కర్, స్టీలు గిన్నెలు కొన్నాము. చాలా తెలివైన పని చేసినామని ఇంటిల్లిపాదీ అనుకున్నాము.

మా అమ్మమ్మను మేమందరం నానీమా అని పిలిచేవాళ్ళము. అప్పటికే ఆమెకు చూపు మందగించింది. ఆ సాయంత్రం ఆమె కొత్త వంటగదిలో గోడ వెంబడి చేతితో తడుముకుంటూ వచ్చి, "నా దేగ్చా ఎక్కడ పెట్టినారు?" అని అడిగింది. అమ్మేసినామని చెప్పినాను. కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "దాని అంచు కింద నా పేరు ఉన్నది బేటా. పెండ్లి సంవత్సరం కూడ వేసినారు. మా అబ్బాజాన్ దగ్గర నిలబడి కొట్టించినారు" అన్నది.

నానీమాకు చదువు రాదు. ఆ అక్షరాలను ఆమె ఏనాడూ కళ్ళతో చదివినది కాదు. గిన్నె తోమినప్పుడల్లా వ్రేళ్ళకు తగిలే చుక్కలే ఆమెకు తన పేరు.

కొన్నేండ్ల తరువాత ఆమె గతించినప్పుడు మరణ నమోదు కాగితంలో వయస్సు వ్రాయవలసివచ్చింది. జననపత్రం లేదు. బడి సర్టిఫికెట్టు లేదు. నికాహ్‌నామా ఏనాడో పోయింది. "అందాజుగా ఎనభై వేయండి" అన్నారు మా నాన్నగారు. ఆమె జీవితంలోని ఒక తేదీ ఖచ్చితంగా వ్రాసియున్న దస్తావేజు ఒక్కటే ఉండెను. దానిని నేను తూకానికి అమ్మివేసినాను.

పాత్రమీది పేరు

పాత్రలమీద పేరు కొట్టించే ఆచారం మన ప్రాంతంలో హిందువులలోను ముస్లిములలోను సమానంగా ఉన్నది. ఆడపిల్లకు జహేజ్‌గా గాని సారెగా గాని ఇచ్చే పాత్రలమీద ఆమె పేరో, ఇచ్చిన తండ్రి లేక మేనమామ పేరో వేయించేవారు. పెండ్లిండ్లకు ఇరుగుపొరుగు నుండి పెద్ద పాత్రలు ఎరువు తెచ్చుకొనే రోజులలో ఎవరి పాత్ర వారికి చేరడానికి కూడ పేరే ఆధారం. ఉలిమొనతో చిన్నచిన్న చుక్కలు వరుసగా కొట్టి అక్షరాలు తీర్చేవారు. కనుకనే తోమితోమి పైమెరుపు అరిగిపోయినా చుక్కలు మాత్రం వ్రేలికి తగులుతూనే ఉంటాయి.

పేరు పక్కన అంకెలుంటే అవి చాలా విలువైనవి. ఐతే అవి ఏ శకానికి చెందినవో తెలుసుకొనవలెను. పూర్వపు హైదరాబాదు సంస్థానంలో మూడు లెక్కలు వాడుకలో ఉండేవి. మొదటిది క్రీస్తుశకం. రెండవది హిజ్రీ. ఇది చాంద్రమానం గనుక ప్రతి సంవత్సరము సుమారు 11 రోజులు తక్కువ. హిజ్రీ సంవత్సరాన్ని 33తో భాగించి, వచ్చినదానిని అదే సంవత్సరం నుండి తీసివేసి, 622 కలిపితే ఇంచుమించు క్రీస్తుశకం వస్తుంది. ఉదాహరణకు 1350ని 33తో భాగిస్తే సుమారు 41. 1350 నుండి 41 తీసివేస్తే 1309. దానికి 622 కలిపితే 1931. మూడవది ఫసలీ. ఇది పంటల లెక్క, సర్కారు కాగితాల లెక్క. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే చాలును. ఫసలీ 1340 అంటే 1930–31 అన్నమాట. ఫసలీ సంవత్సరం మధ్యలో ప్రారంభమవుతుంది గనుక రెండు ఆంగ్ల సంవత్సరాలను కలిపి చెప్పవలసియుంటుంది.

ఇంకొక సంగతి. ఉర్దూ అక్షరాలు కుడినుండి ఎడమకు సాగినా, అంకెలు మాత్రం ఎడమనుండి కుడికే చదవవలెను. ఇది తెలియక 1340ని తలక్రిందులుగా చదివి తికమకపడినవారిని నేనెరుగుదును. పాత్రమీది ఉర్దూ లిపి చదవలేని తెలుగు విద్యార్థికి మన ఉర్దూ విభాగం మిత్రులున్నారు. పాత తెలుగు అంకెలు తెలియని ఉర్దూ విద్యార్థికి తెలుగు విభాగం మిత్రులున్నారు. ఒక పాత్రను చదవడానికి ఇద్దరు కూర్చోవలసిరావడం మన కళాశాలకు తగిన దృశ్యమే.

బజారులు

హైదరాబాదులో పురానాపూల్ సమీపాన ప్రతి గురువారం జరిగే జుమ్మేరాత్ బజారు పాత వస్తువులకు ప్రసిద్ధి. జుమ్మేరాత్ అనగా గురువారమే. పురానాపూల్ వంతెన 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో కట్టినది. ఆ పరిసరాలలో తాళాలు, గడియారాలు, ఇత్తడి దీపాలు, విరిగిన కుర్చీలు, ఎవరివో పెండ్లి ఫోటోల చట్రాలు నేలమీద పరచి అమ్ముతారు. ఎర్రగడ్డలో ఆదివారం ఇట్టి సంతే జరుగుతుంది. ఆబిడ్స్ కాలిబాటలమీద ఆదివారంనాడు పాత పుస్తకాలు దొరుకుతాయి. సంతకు వెళ్ళలేనివారికి సంతే ఇంటికి వస్తుంది. పాతబట్టలు తీసుకొని గిన్నెలు, ప్లాస్టిక్ బక్కెట్లు ఇచ్చేవారు, పాత జరీచీరలు కొంటామని కేకవేస్తూ తిరిగేవారు మన వీధులకు చిరపరిచితులే.

ఈ వస్తువులు బజారుకు ఎట్లా చేరుతాయి? ఇల్లు మారినప్పుడు, అన్నదమ్ములు వేరుపడినప్పుడు, పెద్దవారు పోయినప్పుడు, అప్పు మీదపడినప్పుడు. అంటే ప్రతి పాత వస్తువు వెనుక ఒక ఇంటిలో జరిగిన మార్పు ఉన్నది. కొన్నిసార్లు అది దుఃఖం కూడ. బేరం చేసేటప్పుడు ఈ సంగతి మరువరాదు. నేలమీద కూర్చుని అమ్ముకొనే వృద్ధురాలితో పది రూపాయలకు పెనుగులాడి గెలవడం పొదుపు అనిపించుకోదు.

అమ్మేవారు చెప్పే కథలను మాత్రం జాగ్రత్తగా వినవలెను. ప్రతి పాన్‌దానూ నవాబులదే, ప్రతి ఖడ్గమూ యుద్ధంలో వాడినదే అంటారు. కథను నమ్మి వస్తువును కొనవద్దు. వస్తువును పరిశీలించి, అది స్వయంగా ఏమి చెప్పుతున్నదో వినండి.

రాగి, ఇత్తడి, బిద్రీ

చేతితో చేసిన పాత రాగిపాత్రమీద సుత్తిదెబ్బల గుర్తులు హెచ్చుతగ్గులుగా ఉంటాయి. లోపల వ్రేలితో తడిమితే తెలుస్తుంది. చాలా పాత్రలకు పక్కన గాని అడుగున గాని పళ్ళవలె ఒకదానిలో ఒకటి ఇమిడిన అతుకు గీత కనబడుతుంది. రెండు రేకులను కోసి, కలిపి, కరిగించి అతికిన గుర్తు అది. యంత్రంమీద తిప్పి చేసిన కొత్త పాత్రకు అడుగున వలయాలవలె సన్నని గీతలుంటాయి, అతుకు ఉండదు.

రాగిపాత్రలో పులుపు వండితే చిలుము పుట్టి ఆహారం విషతుల్యమవుతుంది. అందుకే కళాయి పోయిస్తారు. పాత్రను శుభ్రపరచి, కొలిమిమీద వేడిచేసి, నవాసాగరం చల్లి, తగరాన్ని కరిగించి దూదితో లోపలంతా రుద్దుతారు. తగరం 232 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే కరుగుతుంది గనుక ఈ పని చిన్న కొలిమితోనే సాధ్యం. కళాయి అరిగి లోపల ఎర్రదనం బయటపడిన పాత్రలో వండరాదు. బజారులో కొన్న పాత్రను వంటకు వాడదలచినవారు ముందుగా కళాయి వేయించుకొనవలెను. కళాయి వేసేవారు అరుదైపోతున్నారు. అటువంటివాడు మీ వీధికి వస్తే పిలవండి. పాత్రతోపాటు ఒక వృత్తి కూడ నిలుస్తుంది.

బిద్రీ వస్తువుల సంగతి వేరు. బీదరు పట్టణం పేరుమీదుగా వచ్చిన ఈ పనిలో ఎక్కువ భాగం తుత్తునాగం, అనగా జింకు. దానిలో కొద్దిపాటి రాగి కలుపుతారు. పోతపోసి, నగిషీ చెక్కి, ఆ గాడులలో వెండి తీగెను, రేకును పొదుగుతారు. చివర బీదరు కోటలోని మట్టిని నవాసాగరంతో కలిపి పూస్తే లోహం కాటుకవలె నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా నిలుస్తుంది. బిద్రీ పాత్రను చింతపండుతో తోమకూడదు. నలుపే దాని అందం. మెత్తని బట్టతో కొబ్బరినూనె రాస్తే చాలు. మేలైన పనితనం ఎట్లా ఉంటుందో కన్నుకు అలవాటు కావలెనంటే సాలార్‌జంగ్ మ్యూజియంలోని బిద్రీ వస్తువులను చూడవలెను. 1951లో ప్రజలకు తెరచిన ఆ మ్యూజియంలోని వస్తుజాలంలో అధికభాగం మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ జీవితమంతా వెదకి కొన్నదే.

వస్త్రాలు

వస్త్రం లోహంవలె నిలువదు. పురుగు, చెమ్మ, ఎండ దానికి శత్రువులు. అందుచేత మిగిలిన ప్రతి పాతవస్త్రం ఎవరో ఒకరు శ్రద్ధగా దాచినందువల్లనే మిగిలినదని గ్రహించవలెను.

హైదరాబాదులో వస్త్రాన్ని గూర్చిన రెండు కథలు చెప్పుకుంటారు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఒకసారి కట్టిన దుస్తులను మరల కట్టేవాడు కాడట. పురానీ హవేలీలో ఆయన దుస్తులకై చేయించిన బహుపొడవైన చెక్క బీరువాను నేటికీ చూడవచ్చును. ఆయన కుమారుడు ఏడవ నిజాం ఉస్మాన్ అలీఖాన్ అపార ధనవంతుడై ఉండియు, మాసిన టోపీ, వెలిసిన షేర్వానీతోనే సంవత్సరాలు గడిపినాడని ప్రతీతి. బట్టను గూర్చి రెండు తీరుల ఆలోచన ఒకే ఇంటిలో, తండ్రీకొడుకులలో ఉండెను.

మన ప్రాంతపు పాతబట్టలలో మూడింటిని విద్యార్థులు గుర్తించగలగవలెను. మష్రూ బట్టకు పైభాగం పట్టు, ఒంటికి తగిలే లోపలిభాగం నూలు. మగవారు స్వచ్ఛమైన పట్టు ధరించరాదన్న నియమానికి భంగం రాకుండ నేసిన బట్ట అది. మష్రూ అన్న మాటకు అనుమతింపబడినదని అర్థం. హిమ్రూ నూలు, పట్టు కలిపి పూలు, లతలు నేసిన బట్ట. ఔరంగాబాదు దీనికి పేరుగాంచినది. షేర్వానీలకు దీనిని విరివిగా వాడేవారు. మూడవది తేలియా రుమాలు. తేల్ అన్న ఉర్దూమాటకు నూనె అని అర్థం. నూలును నూనెలోను, ఆముదపు కాయల బూడిద కలిపిన నీటిలోను పలుమార్లు నానబెట్టి, ముళ్ళుకట్టి, రంగులద్ది నేస్తారు. చీరాల, పుట్టపాక నేతగాండ్రు నేసిన ఈ రుమాళ్ళు అరబ్బుదేశాలకు తలగుడ్డలుగా ఎగుమతి అయ్యేవి. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఎరుపు, నలుపు, తెలుపు గళ్ళు, నూనెవాసన దీని గుర్తులు.

చేనేత బట్టకు అంచు పొడవునా సూదిమొనంత రంధ్రాలు కనిపిస్తాయి. నేసేటప్పుడు బట్ట వెడల్పు తగ్గకుండ బిగించిన గుర్తులవి. పాత జరీలో పట్టుదారంచుట్టూ వెండి రేకుతీగె చుట్టి, దానిపై బంగారుపూత ఉంటుంది. అందుకే పాత జరీచీరలు కొనేవారు చాలమంది వాటిని కాల్చి వెండి తీసుకుంటారు. ఒక ఖడా దుపట్టాకు ఆరుగజాల బట్ట పడుతుంది. దాని అంచులపై నెలలతరబడి కుట్టిన పని ఉంటుంది. కాల్చిన తరువాత మిగిలేది కొద్దిపాటి వెండి మాత్రమే. నేతగాని నేర్పు, కుట్టినవారి ఓర్పు, కట్టినవారి జ్ఞాపకం తూకానికి రావు.

కుట్టును కూడ చదవవచ్చును. ఆడపిల్ల లంగాకు క్రింద మడిచి కుట్టిన పట్టీలు ఒక్కొక్కటే విప్పిన గుర్తులుంటే, ఆ పిల్ల ఎన్నేండ్లు దానిని తొడిగినదో, ఎంత పెరిగినదో తెలుస్తుంది. మోచేతివద్ద వేసిన అతుకు ఆ ఇంటి ఆర్థిక పరిస్థితిని చెప్పుతుంది.

పాతబట్ట కొన్నప్పుడు నూలుబట్టనైతే వేడినీటిలో ఉతికి ఎండబెట్టవలెను. పట్టు, జరీ బట్టలను నీడలో గాలికి ఆరవేయవలెను. దాచేటప్పుడు ప్లాస్టిక్ సంచి వద్దు. ఉతికిన తెల్లని మల్లుబట్టలో చుట్టి, కొన్ని నెలలకొకసారి మడత మార్చవలెను. ఎప్పుడూ ఒకేచోట మడిస్తే జరీ అక్కడ తెగిపోతుంది. కలరా ఉండలు జరీకి తగలరాదు. ఎండిన వేపాకు, లవంగాలు చిన్న గుడ్డలో కట్టి పక్కన ఉంచడం మన పెద్దల పద్ధతి.

చట్టం, ధర్మం

దొంగసొత్తు అని తెలిసి కొనడం నేరం. అనుమానం కలిగితే వదలివేయడం మేలు. పురావస్తువులు, కళానిధుల చట్టం 1972లో వచ్చి, 1976లో అమలులోకి వచ్చినది. దాని ప్రకారం సామాన్యంగా 100 సంవత్సరాలు నిండిన చారిత్రక, కళాత్మక వస్తువులు పురావస్తువులు. విలువైన వ్రాతప్రతులకు 75 సంవత్సరాలు చాలును. వీటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు ఎగుమతి చేయరాదు. వీటితో వ్యాపారం చేయడానికి లైసెన్సు అవసరం. విదేశాలలోని బంధువులకు కానుకగా తాతలనాటి వస్తువును పంపదలచినవారు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

ఒక మనవి

నేను నేటికీ జుమ్మేరాత్ బజారుకు వెళ్ళినప్పుడు ప్రతి రాగి దేగ్చాను ఎత్తి, అంచు కింద వ్రేలితో తడిమి చూస్తాను. నానీమా పేరు దొరకలేదు. ఇక దొరకదని కూడ తెలుసు. అది ఎప్పుడో కరిగిపోయి ఉంటుంది. అట్లా వెదకుతుండగా ఒకనాడు ఒక రాగిచెంబు దొరికింది. దానిమీద తెలుగు అక్షరాలలో ఒక స్త్రీ పేరు, పక్కన ఫసలీ 1347 అని ఉన్నది. అంటే 1937–38. ఆమె ఎవరో నాకు తెలియదు. ఆమె మనుమడో మనుమరాలో నావలెనే ఇల్లు మారేటప్పుడు తూకానికి ఇచ్చి ఉంటారు. ఆ చెంబును నేను పాలిష్ చేయించలేదు. పేరు అరిగిపోతుందని భయం.

మన చరిత్ర పుస్తకాలలో రాజుల శాసనాలున్నాయి. అక్షరం రాని మన అమ్మమ్మలకు, నాయనమ్మలకు రాగిపాత్రే శాసనం, చీర అంచే దస్తావేజు. వాటిని దుకాణంలో కొనుక్కోవడం మంచిదే. అంతకంటె ముందు మన ఇంటి అటక ఎక్కి చూడటం మంచిది.

విద్యార్థినీ విద్యార్థులారా! ఈ సెలవులలో ఇంటిలోని ఒక్క పాత వస్తువును తీసుకొని, ఐదు ప్రశ్నలకు జవాబు వ్రాయండి. ఇది ఎవరిది? ఎవరు ఇచ్చినారు? ఏ సంవత్సరం? దేనికి వాడినారు? మన చేతికి ఎట్లా వచ్చినది? జవాబు తెలిసిన పెద్దలు ఇంటిలో ఉండగానే అడగండి. వస్తువును అమ్మక తప్పని పరిస్థితి వస్తే అమ్మండి, అందులో తప్పు లేదు. కాని అమ్మేముందు దానిమీది పేరును, అంకెను ఒక నోటుపుస్తకంలో ఎక్కించుకొనండి.

కళాశాల కమిటీ పెద్దలకు కూడ ఒక విన్నపం. వార్షికోత్సవంనాడు ఒక గదిలో విద్యార్థులు తెచ్చిన ఇట్టి వస్తువులను, ఉర్దూ, తెలుగు రెండు భాషలలో వ్రాసిన వివరాలతో ఒక్కరోజు ప్రదర్శించితే బాగుండును. సాయంత్రం ఎవరి వస్తువు వారు ఇంటికి తీసుకొనిపోతారు. వివరాల ప్రతి మాత్రం మన గ్రంథాలయంలో ఉండిపోతుంది. దీనికి కావలసిన ఖర్చు కొన్ని బల్లలు, ఒక రిజిస్టరు మాత్రమే. ఆ రిజిస్టరులో మొదటి పుటలో వ్రాయడానికి నా వద్ద వస్తువు లేదు. నానీమా పేరు మాత్రం ఉన్నది. సంవత్సరం గడి ఖాళీగానే ఉంచుతాను.